ఎడమ పెట్టె, కుడి పెట్టె

జూన్ 3, సోమవారం

మళ్లీ పనిలో చేరాను. గేటు దగ్గర కార్డు పనిచేసింది. పనిచేయకపోతే ఇంటికి తిరిగి వెళ్లిపోవచ్చని ఏ మూలో ఆశ ఉండేది.

ఇన్‌చార్జి తన గదిలో కూర్చోబెట్టి, టీ తెప్పించి, చాలాసేపు విమానాల సంగతులే మాట్లాడాడు. పోయిన మా ఆవిడ పేరెత్తలేదు. అందుకు ఆయనకు మనసులోనే దండం పెట్టుకున్నాను. చివరికి అసలు మాటకు వచ్చాడు. ఇంతకాలం సెలవులో ఉన్నవాడికి రాగానే ముద్ర చేతికివ్వడం కుదరదు. హ్యాంగర్లో ఉన్న విమానం తనిఖీలో నేను చేసే ప్రతి పనినీ ఇంకొకరు చూసి, వాళ్ల ముద్ర వేస్తారు. నమ్మకం కుదిరితే నా ముద్ర నాకు. కుదరకపోతే ప్లానింగ్ గదిలో బల్ల, కుర్చీ.

"కుర్చీ మంచిదేనండీ," అన్నాడు. "మోకాళ్లు అరిగినవాళ్లకి."

నా మోకాళ్లు బాగానే ఉన్నాయన్నాను.

ముద్ర అంటే వేలెడంత రబ్బరు ముక్క, దాని మీద నా నంబరు. అది పడిందంటే ఆ పనికి పూచీ నాది. దాన్ని ఆయన సొరుగులో చూశాను. ఎవరూ వాడకపోవడంతో ఎండిపోయి ఉంది.

ఆ కుర్చీలో నేను ఉండలేను. కూర్చోవడం ఈ ఏడాది కావలసినంత అయింది.

జూన్ 4, మంగళవారం

నన్ను చూడటానికి టార్చిని వేశారు. పట్టపగలు, నెత్తిన దీపం వెలుగుతున్నా, చేతిలో లైటు లేకుండా ఏదీ చూడదు కాబట్టి ఆ పేరు. మొదట్లో ఆమెకు పని చూపించినవాణ్ని నేనే. ఇప్పుడు నా పని ఆమె చూడాలి. నాకంటే తనే ఎక్కువ ఇబ్బంది పడింది.

"మీ పని నేను చూడటమేంటన్నా, నా ఖర్మ కాకపోతే."

"చూడమ్మా. చూడకపోతే ఇద్దరికీ కుర్చీలే."

నవ్వింది. తర్వాత లైటు వేసింది.

ముక్కు చక్రం వెనక, విమానం పొట్ట కింద చిన్న తలుపు. నిచ్చెనెక్కి దూరితే పెట్టెల గది. నిలబడితే తల తగులుతుంది. అరల నిండా నల్లటి పెట్టెలు. పైన పైలట్లు చూసే ప్రతి అంకె ఇక్కడినుంచి పోయేదే. ఇవాళ మూడో అరలో గాలి ఒత్తిడి లెక్కగట్టే పెట్టె తీశాం. కాక్‌పిట్‌లో దానికి కరెంటిచ్చే బ్రేకరు లాగి, ఎవరూ నొక్కకుండా దానికి కాలర్ తొడిగి, ఎర్ర చీటీ కట్టాను. కిందికి దిగి మణికట్టుకు ఎర్త్ వైరు తగిలించుకున్నాను. పెట్టె ముందున్న మరలు వదులు చేసి, వంకర పోకుండా నిటారుగా లాగాను. వెనక పిన్నులకు దుమ్ము పడకుండా మూతలు. తీసిన ప్రతి స్క్రూనూ దాని కన్నంలోనే రెండు చుట్లు తిప్పి వదిలాను. అది నా పాత అలవాటు, స్క్రూలు పోవు.

చేతులు ఏదీ మరిచిపోలేదు. చేతులకు కృతజ్ఞతలు చెప్పుకోవచ్చో లేదో తెలియదు. చెప్పుకున్నాను.

అత్తయ్య డబ్బా కట్టి ఇచ్చింది. మూత ఎంత గట్టిగా పెట్టిందంటే, తీయడానికి టూల్‌రూమ్‌కి వెళ్లాల్సి వచ్చింది. టూల్‌రూమ్ ఆయన అయితే డబ్బాను రిజిస్టర్లో రాయించి మరీ తీసిచ్చాడు.

జూన్ 5, బుధవారం

నిద్ర బాగానే పడుతోంది. అత్తయ్య అడిగితే అదే చెప్పాను.

జూన్ 6, గురువారం

ఆ చివరి సాయంత్రం సంగతి ఒకసారి రాసి పెట్టుకోవాలి, మాసిపోకముందే.

ఆస్పత్రి గది కిటికీ తెరిచి ఉంది. గాలి వస్తోంది, పరదా మంచం అంచుకు తగిలి వెనక్కి పోతోంది. ఆవిడ నీళ్లడిగింది. మెడ కింద చెయ్యి పెట్టి లేపాను. జుట్టు చెమటకు తడిసి ఉంది. రెండు గుక్కలు తాగింది. "చాలు. ఇంక మీరూ నడుం వాల్చండి," అంది. గ్లాసు తీసుకుని కిటికీలో పెట్టాను.

అంతే. మర్నాడు తెల్లవారేసరికి లేదు.

చాలామందికి ఆ చివరి మాట దక్కదు. ఎక్కడో ఫోన్లో ఉంటారు, దారిలో ఉంటారు. నేను పక్కనే ఉన్నాను, మెలకువగా ఉన్నాను. మిగతావన్నీ ఎలా పోయినా ఇది నా దగ్గరుంది. అదృష్టమనే అనాలి.

జూన్ 7, శుక్రవారం

ఇంట్లో వంటింటి ఫ్యాను మూలుగుతోంది. "విమానాలు బాగుచేసే మనిషి ఇల్లు ఇదేనా అని అడుగుతోంది అది," అని ఆవిడ ఎవరొచ్చినా చెప్పేది. ఇవాళ అత్తయ్య అదే మాట, అదే గొంతుతో అంది. అన్నాక ఇద్దరం కాసేపు ఫ్యాను వైపే చూశాం.

కూతురి జబ్బులో సాయానికని వచ్చిన మనిషి. ఇంకా వెళ్లలేదు. మా బావమరిది రమ్మని పిలుస్తూనే ఉన్నాడు. ఈ ఇంట్లో ఇంకో మనిషి దగ్గు వినబడుతున్నందుకు నాకెంత నిబ్బరంగా ఉందో ఆమెకు చెప్పలేదు.

జూన్ 11, మంగళవారం

మొదటి అరలో రెండు రేడియో పెట్టెలు. ఎడమది, కుడిది. ఒకే అచ్చు, ఒకే బరువు. అదుర్లు తగలకుండా రబ్బరు కాళ్లున్న ట్రేలలో కూర్చుంటాయి. ఆ రబ్బరు గట్టిపడిపోయింది, ట్రేలు మార్చాలి. రెండు పెట్టెలూ దించాం, ట్రేలూ ఊడదీశాం. కొత్తవి స్టోర్స్ నుంచి గురువారం వస్తాయట.

రబ్బరులో కరెంటు పారదు. అందుకని ట్రే నుంచి విమానం చట్రానికి ఒక అల్లిన రాగి పట్టీ బిగించాలి. పెట్టెలో పేరుకున్న విద్యుత్తు ఆ పట్టీ గుండానే బయటికి పోవాలి. పట్టీ కొస తగిలేచోట రంగు గీకి, లోహం మెరిసేదాకా రుద్దాలి. టార్చికి ఇదంతా నేను చెప్పినప్పటి మాటల్లోనే ఆమె ఇవాళ నాకు అప్పజెప్పింది. వెక్కిరింతో మర్యాదో తెలియలేదు.

పని మధ్యలో ఎవరో పైనుంచి ఆమెను పిలిచారు. వెళ్లి వచ్చి, ఆపిన చోటికి కాకుండా ఇంకా వెనక్కి పోయి, చేసిందే మళ్లీ చేసింది. మా పనిలో అది కట్టుబాటు. మధ్యలో లేచిన మనిషి తన గుర్తును నమ్ముకోకూడదు.

ఇంట్లో ఆవిడ ఈ కట్టుబాటును తగవుల్లో వాడేది. మధ్యలో ఫోనొస్తే, పెట్టేశాక కొంగు దోపుకుని, "ఊఁ, ఇప్పుడు కాస్త వెనకనుంచి మొదలుపెడదాం," అనేది. తగవు అక్కడితో పోయేది.

జూన్ 13, గురువారం

ముద్ర ఇచ్చేశారు.

పొద్దున ఎడమ ట్రే ఎక్కించాను. కొత్త ట్రేకు పట్టీ ఒక కొస బిగించే వస్తుంది. రెండో కొస చట్రానికి మనం బిగించుకోవాలి. కన్నంలో ఉన్న స్క్రూ తీసి, అడుగు రుద్ది, పట్టీ పెట్టి బిగించాను. పెట్టె తోశాను, కనెక్టర్లు కూర్చున్నాయి. టార్చి చూసి తన ముద్ర వేసింది. ఇన్‌చార్జి నిచ్చెన దగ్గరే నిలబడి ఉన్నాడట, నేను చూడలేదు. కిందికి దిగగానే జేబులోంచి తీసి నా చేతిలో పెట్టాడు. "కుడిది మీరే చెయ్యండి. మీ ముద్రే వెయ్యండి."

ముద్రకు సిరా అంటడానికి కాసేపు పట్టింది.

మధ్యాహ్నం కుడి ట్రే. టార్చిని తోక వైపు పనికి పంపారు. ఒక్కణ్నే. ఎన్నాళ్లకో ఆ గదిలో ఒక్కణ్నే. ట్రే కూర్చోబెట్టి పనిలో ఉండగా టూల్‌రూమ్ ఆయన తలుపులోంచి మొహం పెట్టి, ముద్రవారు కిందికి దయచేస్తే టీ పోయిస్తామన్నాడు. దిగాను. అందరూ ఉన్నారు. ఎవరో కేకు తెచ్చారు. ఎవరూ పెద్ద మాటలేవీ మాట్లాడలేదు. ఒకాయన నా భుజం మీద చెయ్యి వేసి, కేకు ముక్క తినేదాకా తీయలేదు. ఇలాంటి మనుషుల మధ్య పడ్డాను నేను.

తిరిగెక్కి, వెనకనుంచి చూసుకున్నాను. పట్టీ బిగించడం స్పష్టంగా గుర్తుంది. స్క్రూ మొదట కాస్త మొరాయించడం, లైటులో లోహం తళుక్కుమనడం, అన్నీ. కాబట్టి దాని తర్వాతినుంచి చేశాను. పెట్టె తోసి, మరలు బిగించి, కాలర్లు తీసి, కార్డు మీద ముద్ర వేశాను.

మంచి రోజు.

జూన్ 14, శుక్రవారం

పొద్దున విమానానికి కరెంటిచ్చి రెండు రేడియోలూ పరీక్షించారు. రెండూ పాస్. రేపు తెల్లవారగానే విమానం వెళ్తుంది.

సాయంత్రం తొందరగా ఇంటికొచ్చాను. భోజనం దగ్గర అత్తయ్యకు ముద్ర సంగతి, కేకు సంగతి చెప్పాను. సంతోషించింది. ఆ ఊపులో, ఇంతవరకూ ఎవరికీ చెప్పనిది కూడా చెప్పాను. కిటికీ, గాలి, నీళ్లు, నడుం వాల్చమన్న మాట. ఆ ఒక్క సాయంత్రం మెలకువగా ఉన్నందుకే ఈ నాలుగు నెలలూ నిలబడగలిగానని చెప్పాను.

అత్తయ్య లేచింది. నా కంచం తీసింది. మళ్లీ అక్కడే పెట్టింది.

"బాబూ, అది ముందు రోజండీ."

కాదన్నాను. కిటికీ తెరిచి ఉండటం నాకు గుర్తుందన్నాను. కాస్త గట్టిగానే అన్నాను.

"ఆఖరి రోజు వాన. కిటికీ నేనే మూశాను. మీరు కుర్చీలో నిద్రపోయారు. ఎన్నాళ్ల నిద్రో మరి. నేను లేపబోతే అదే వద్దంది."

నేను లేచి వరండాలోకి వచ్చేశాను. కోపం వచ్చింది. ఆమె మీద కోపం రావడానికి ఏ కారణమూ లేదు, అయినా వచ్చింది. అది తగ్గాక ఆ రోజును మళ్లీ ఒక్కొక్కటే చూసుకున్నాను. నీళ్లు నిజం. తడిసిన జుట్టు నిజం. మాట నిజం. అన్నీ జరిగినవే. కానీ అదే గది, అదే మంచం, పక్కపక్కన రెండు సాయంత్రాలు. ఒకదాన్ని తీసి ఇంకోదాని చోట పెట్టుకున్నాను. అంత స్పష్టంగా గుర్తుండబట్టే అనుమానం రాలేదు.

అప్పుడు పట్టీ గుర్తొచ్చింది.

స్క్రూ మొరాయించింది. లోహం లైటులో తళుక్కుమంది. ఎవరి లైటు? నా దగ్గర చేతిలైటు లేదు. తలమీది దీపం వెలుగు ఆ రబ్బరు కాలి వెనక్కి పోదు. నా గుర్తులో ఉన్నది టార్చి లైటు. మధ్యాహ్నం టార్చి అక్కడ లేదు.

పొద్దుటి ఎడమ పెట్టె గుర్తును కుడి పెట్టెకు బిగించుకున్నాను.

ఫోను చేతిలో పట్టుకుని ఏమేం అనుకున్నానో ఉన్నదున్నట్టు రాస్తాను. రేడియో పాసయింది కదా. పట్టీ లేకపోయినా పరీక్షలో తేడా కనబడదు, కాబట్టి ఎప్పటికీ ఎవరికీ తెలియదు. బహుశా ఏమీ కాదు. ఎప్పుడో పొడిగాలిలో పైలట్ల చెవుల్లో గరగర. లేకపోతే పిడుగు. ఇది కూడా అనుకున్నాను: నిన్ననే కదా ముద్ర ఇచ్చింది.

టార్చి సాయంత్రం షిఫ్టులో ఉంది. కుడి ట్రే పట్టీ చూడాలన్నాను.

"ఎందుకన్నా? పాసయిందిగా."

"అది బిగించినట్టు నాకు గుర్తుంది. ఆ గుర్తులో నీ లైటుంది."

 "నేను తోక దగ్గరున్నానన్నా," అంది. తర్వాత, "వచ్చేయండి, తలుపు తెరిపిస్తా."

అత్తయ్య గుమ్మంలో నిలబడింది. ఎక్కడికని అడగలేదు.

నేను వెళ్లేసరికి పెట్టె బయటికి లాగేశారు. టార్చి లైటు వేసి, తను పక్కకు జరిగి, నన్ను చూడనిచ్చింది. స్క్రూ దాని కన్నంలో బుద్ధిగా కూర్చుని ఉంది, మంగళవారం నేనే తిప్పి వదిలినట్టు. పోయిందంటే ఎవరికైనా తెలిసేది. పట్టీ రబ్బరు కాలి వెనక వేలాడుతోంది. కింద రంగు కూడా గీకలేదు.

ఆమెనే బిగించమన్నాను. నేను లైటు పట్టుకున్నాను.

జూన్ 15, శనివారం

విమానం కాస్త ఆలస్యంగా వెళ్లింది. నా ముద్ర పడిన ప్రతి పనినీ మళ్లీ విప్పి చూశారు. మిగతావి సరిగ్గానే ఉన్నాయి. విప్పినవాళ్లకు అది రెండో షిఫ్టు. ఒక్కరూ మొహం చిట్లించలేదు.

ఇన్‌చార్జి గదికి వెళ్లి, అడక్కముందే ముద్ర బల్ల మీద పెట్టాను. ఆయన అడిగింది ఒక్కటే, ఎలా తెలిసిందని. లైటు సంగతి చెప్పాను. ఇంటి సంగతి చెప్పలేదు. ఆయన ముద్ర తీసి సొరుగులో వేశాడు. మర్యాదగానే వేశాడు, విసరలేదు.

"ప్లానింగ్‌కి ఎప్పుడు వెళ్లమంటారు?" అన్నాను.

"ఎందుకు? ఆ కుర్చీ విరిగిందిగా," అన్నాడు. "సోమవారం ఇంకో విమానం వస్తోంది. టార్చితో కలిసి చెయ్యండి. ముద్ర ఆమెది. ఎన్నాళ్లో నేను చెప్పను, నన్ను అడగకండి."

తల ఊపి, తలుపు వైపు తిరిగాను.

"ఇంటికెళ్లి పడుకోండి. నిద్ర లేని కళ్లు నాకు తెలుసు. మొదటి రోజే చూశాను. అప్పుడే అనాల్సింది, అనలేదు. ఆ తప్పు నాది."

నిద్ర గురించి ఈ పుస్తకంలో రాసినది నిజం కాదు.

టూల్‌రూమ్ ఆయన గేటుదాకా వెంట వచ్చాడు. తను టీకి పిలవకుండా ఉండాల్సిందని నాలుగు రకాలుగా చెప్పాడు. టీ బాగుందన్నాను. నిజంగానే బాగుంది.

టార్చి మాత్రం బస్సు వచ్చేదాకా తిట్టింది. అనుమానం వస్తే ఫోను చేసే మనిషి పక్కన పనిచేయడం తనకు హాయేనట. కానీ తన లైటును ఇలా మనసులో దాచుకుని తిరగడం ఏం పద్ధతట.

ఇంటికొచ్చి మధ్యాహ్నం పడుకున్నాను. నిద్ర పట్టింది.

జూన్ 16, ఆదివారం

అత్తయ్య పొద్దుటినుంచీ నాతో మాట్లాడలేదు. కూరగాయలు తరిగింది, తరిగినవే మళ్లీ చిన్నవి చేసింది. చివరికి, తను నోరు జారబట్టే నా ముద్ర పోయిందనీ, ముసలితనంలో నోరు ఊరుకోదనీ, బావమరిది దగ్గరికి వెళ్లిపోతాననీ అంది.

ఎదురుగా కూర్చున్నాను.

మీరు చెప్పబట్టే తెలిసింది అత్తయ్యా, అన్నాను. లేకపోతే విమానం వెళ్లిపోయేది. ముద్ర మళ్లీ వస్తుంది, రాకపోయినా పని ఉంది, అది చాలు నాకు. వెళ్లకండి. ఇన్నాళ్లూ ఈ మాట అనలేదు కానీ, వెళ్లకండి.

ఆమె తల ఊపింది. కత్తిపీట పక్కన పెట్టింది.

నేను నిద్రపోయిన ఆ సాయంత్రం ఏం జరిగిందో మొదటినుంచి చెప్పమన్నాను. చెప్పింది. వాన జల్లు లోపలికి కొడుతుంటే కిటికీ మూసింది. దీపం వెలుగు నా మొహం మీద పడుతోందని, దాన్ని పక్కకు తిప్పమని ఆవిడే అందట. కాళ్లు పట్టమందట, అత్తయ్య కాసేపు పట్టిందట. చిన్నప్పుడు చదివిన బడి గురించి ఏదో అడిగిందట. నా గురక విని నవ్విందట. "ఇంత గురక పెట్టి, పెట్టనని వాదిస్తారు, విను," అందట. అత్తయ్య నన్ను లేపడానికి లేచిందట.

"'లేపకమ్మా,' అంది బాబూ. 'లేచాక ఆయనే అడుగుతారు, నొప్పి ఉందా అని. లేదని చెప్పు,' అంది. మీరు అడుగుతారని నేను చూశాను. మీరు మెలకువగా ఉన్నాననుకుంటున్నారని నాకేం తెలుసు? మీరు అడగలేదు. నేను ఊరుకున్నాను."

వంటింట్లో ఫ్యాను తిరుగుతోంది. నేను అడిగాను.

"నొప్పి ఉందా అత్తయ్యా?"

"లేదు బాబూ," అంది. "లేదని చెప్పమంది."